అటక మీది జ్ఞాపకాలు కంప్యూటర్‌లోకి: ఫోన్‌తోనా, స్కానర్‌తోనా, బయట ఇచ్చేయడమా?

రిటైరయ్యాక ఉత్సాహంగా మొదలుపెట్టి సగంలో వదిలేసే పనుల్లో ఇదొకటి. అటక మీది పెట్టె దించుతారు. కాలేజీ జట్టు గ్రూప్ ఫొటో, ప్రయాణాల్లో తీసిన స్లైడ్లు, రేడియోలోంచి పట్టిన మ్యాచ్ కామెంటరీ, పిల్లల నాటకం వీడియో టేపు, టికెట్ ముక్కలు, పేపర్ కటింగులు అన్నీ అందులోనే ఉంటాయి. స్కానర్ కొంటారు. మొదటి ఆల్బమ్‌లోని నలభై ఫొటోలను దానికున్న అతి పెద్ద సెట్టింగులో చేస్తారు. నడుం పట్టేస్తుంది, డిస్కు నిండిపోతుంది, పెట్టె మళ్లీ అటకెక్కుతుంది. ఓపిక చాలక కాదు. అన్నిటికీ ఒకే పద్ధతి పట్టుకోవడం, అదీ తప్పు వరుసలో మొదలుపెట్టడం వల్ల ఇలా అవుతుంది.

స్కాన్ చేయడం ఎవరైనా చేస్తారు. వెనక వరుసలో ఎడమ నుంచి మూడో మనిషి ఎవరో చెప్పగలిగింది మీరొక్కరే. ఏ పద్ధతి ఎంచుకున్నా మీ కళ్లు, మీ ఓపిక ఆ రెండో పనికి మిగలాలి. కింద ఎక్కడ ఇది మేలు, అది వద్దు అన్నా దాని వెనకున్న లెక్క ఇదే.

దేనికి తొందర, దేనికి లేదు

ఆడియో, వీడియో టేపులు అన్నిటికన్నా ముందు. వాటికి రెండు వైపుల నుంచీ గండమే. టేపు పాడవుతోంది, దాన్ని ఆడించే యంత్రమూ కనుమరుగవుతోంది. వీహెచ్‌ఎస్ (ఇళ్లలో వాడిన పెద్ద వీడియో క్యాసెట్) ప్లేయర్లను చివరిదాకా తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే. వాటిలో రబ్బరు బెల్టులు సాగిపోయి, గ్రీజు గట్టిపడి ఉంటుంది. ఫొటోకి ఆ బెంగ లేదు, చూడటానికి కన్ను చాలు.

టేపులకన్నా ముందు ఒక్క అరగంట పని ఉంది. థర్మల్ కాగితం మీద అచ్చయిన టికెట్లు, రసీదులు ఉంటే ఈరోజే ఫోన్‌తో తీసేయండి. వాటి మీది అక్షరాలు సిరా కావు, వేడికి నల్లబడే పూత. అది వెలిసిపోతుంది, మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా తొందరగా పోతుంది. గోటితో గీస్తే నల్లగీత పడే కాగితం ఈ రకం. గీసేది అక్షరాల్లేని మూలన, ఒక్కసారి మాత్రమే.

ఫొటోల్లో రంగువి ముందు. 1970లు, 80ల నాటి రంగు ప్రింట్లు చాలావరకు ఎర్రబారి ఉంటాయి. వాటిలోని మూడు అద్దకాల్లో సయాన్ అనే ఆకుపచ్చ నీలం ముందుగా వెలిసిపోతుంది, చీకట్లో దాచినా పూర్తిగా ఆగదు. బ్లాక్ అండ్ వైట్ ప్రింటులో బొమ్మ వెండి రేణువులది. తడి, వేడి తగలకపోతే అది మీకోసం ఆగుతుంది. స్లైడ్లలో చట్రం మీద కొడాక్రోమ్ అని ఉన్నవి చీకట్లో రంగు బాగా నిలుపుకుంటాయి కాబట్టి మిగతా రకాలను ముందు చేయండి.

అసలు చేయనక్కరలేనివీ ఉన్నాయి. కొన్న పాటల క్యాసెట్లు, గ్రామఫోన్ రికార్డుల్లో ఉన్నది చాలావరకు మీ ప్లేయర్ ఇవ్వగలిగినదానికన్నా మంచి నాణ్యతతో ఇప్పటికే దొరుకుతూ ఉంటుంది. నలభై సీ-90 (తొంభై నిమిషాల) క్యాసెట్లంటే అరవై గంటల పని, ఎందుకంటే టేపు ఎంతసేపు ఆడితే కాపీకి అంతసేపు పడుతుంది. ఆ అరవై గంటలు ఇంట్లోవాళ్ల గొంతులున్న టేపులకు ఇవ్వండి. ఒక్క జాగ్రత్త: కొన్న క్యాసెట్లకు పైఅంచున రెండు చిన్న చెవులు విరిచి ఉంటాయి, దానిమీద రికార్డింగ్ పడకుండా. ఆ కన్నాల మీద కాగితమో టేపు ముక్కో అంటించి కనిపిస్తే, ఎవరో దానిమీద ఇంకేదో రికార్డు చేశారని అర్థం. అలాంటిదాన్ని చివరిదాకా వినకుండా పక్కన పెట్టొద్దు.

ఫొటోలు: ఫోనా, స్కానరా

నాలుగు అంగుళాలు ఇంటూ ఆరు అంగుళాల ఫొటోని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 2400 ఇంటూ 3600, అంటే దాదాపు 86 లక్షల పిక్సెళ్లు వస్తాయి. మామూలు 12 మెగాపిక్సెల్ ఫోన్ కెమెరాతో దగ్గర్నుంచి తీసినా ఇంచుమించు అంతే. కాబట్టి ఫోన్‌కి పిక్సెళ్ల కొరత లేదు. దానికి తక్కువయ్యేవి మూడు: అన్ని మూలలకూ సమానంగా పడే వెలుగు, ఫొటోకి సరిగ్గా సమాంతరంగా నిలబడటం, మూలల్లో స్పష్టత. ఈ మూడూ చక్కదిద్దుకుంటే ఫోన్ చాలా దూరం వస్తుంది.

కిటికీ పక్కన బల్ల వేసుకోండి. ఎండ నేరుగా పడకూడదు, ఫ్లాష్ అసలు వద్దు. ఫొటోని నల్లటి లేదా బూడిదరంగు అట్ట మీద పరవండి. ఫోన్‌ని చేత్తో పట్టుకోకుండా స్టాండుకు బిగించండి. చెయ్యి కొద్దిగా వణికేవాళ్లకు ఇది తప్పనిసరి, వణకనివాళ్లకైనా యాభయ్యో ఫొటో దగ్గర భుజం నొప్పి మొదలవుతుంది. ఫొటోకి మరీ దగ్గరగా రాకుండా 30, 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచి రెండింతల జూమ్ వాడండి. వెడల్పు లెన్సుతో దగ్గర్నుంచి తీస్తే అంచులు విల్లులా వంగుతాయి. మూడు సెకన్ల టైమర్ పెడితే నొక్కినప్పటి కుదుపు బొమ్మలోకి రాదు. నిగనిగలాడే ఫొటోల మీద మెరుపు మరక పోకపోతే గూగుల్ ఫొటోస్కాన్ యాప్ పనికొస్తుంది. అది ఒకే ఫొటోని కొద్ది కొద్ది కోణాల్లో పలుసార్లు తీసి మెరుపు లేని భాగాలను కలుపుతుంది. కలిపేటప్పుడు కొంత సన్నటి వివరం మెత్తబడుతుంది కాబట్టి మెరుపు ఉన్నవాటికే వాడండి.

బల్ల స్కానర్‌లో రెండు జాతులున్నాయి. పెట్టె మీద ఈ తేడా పెద్దగా రాయరు, కానీ మొత్తం దీనిమీదే ఉంది. సీఐఎస్ రకం పలచగా, తేలిగ్గా ఉంటుంది. గాజుకి పూర్తిగా ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తుంది. ఫొటో కాస్త వంగి రెండు మిల్లీమీటర్లు పైకి లేచినా అక్కడ మసకేస్తుంది. సీసీడీ రకం లావుగా, బరువుగా ఉంటుంది. వంగిన ఫొటోలను, అట్టకు అంటించినవాటిని, ఆల్బమ్ పేజీలను ఇది తట్టుకుంటుంది. దీనిలోనే కొన్ని మోడళ్లకు మూతలో దీపం ఉంటుంది, దానితో నెగెటివ్‌లూ చేయొచ్చు. పాత ఫొటోల కోసమే కొనేటట్లయితే సీఐఎస్ వద్దు.

డీపీఐ విషయంలో అత్యాశ పనికిరాదు. అంత సైజులోనే మళ్లీ ప్రింటు తీయడానికి 300 చాలు. పెద్దది చేయాలనుకుంటే 600. ఆపైన మామూలు ప్రింటులో పట్టుకోవడానికి వివరమే మిగలదు, కాగితం గరుకు మాత్రం పెద్దదవుతుంది. ఒక నాలుగు ఇంటూ ఆరు ఫొటో 600లో కుదించకుండా దాస్తే దాదాపు 26 ఎంబీ, 1200లో దానికి నాలుగింతలు. 1200 నిజంగా అవసరమయ్యేవి రెండే: పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, బియ్యపు గింజంత ముఖాలున్న జట్టు గ్రూప్ ఫొటోలు. స్కానర్ తనంతట తాను రంగులు దిద్దడం, పదును పెంచడం ఆపేయండి, అవి తర్వాత కాపీ మీద చేసుకోవచ్చు. గాజు తుడిచేటప్పుడు ద్రవాన్ని గుడ్డ మీద చల్లాలి. గాజు మీదే చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగి గాజు అడుగున మచ్చ కడుతుంది, ఇక అది ప్రతి ఫొటోలో కనిపిస్తుంది.

పేపర్ కటింగులకు వెనక నల్ల కాగితం పెట్టండి. తెల్ల మూత ఉంటే వెనక పేజీ అక్షరాలు ముందుకు తేలతాయి. పట్టులాంటి గరుకు కాగితం మీది ఫొటోలకు స్కానర్ సరిపోదు. దాని దీపం ఏటవాలుగా పడి ప్రతి గరుకూ ఒక తెల్లచుక్కవుతుంది. వాటికి కిటికీ వెలుగులో ఫోనే మేలు.

కాగితాలు లాక్కునే ఫీడర్ స్కానర్లు మూడో దారి. ఒకే సైజు విడి ఫొటోలు వేలల్లో ఉంటే వీటికి సాటి లేదు. కానీ చిరిగినవి, వంకర తిరిగినవి, వెనక జిగురున్నవి, పోలరాయిడ్లు అందులో పెట్టకూడదు. సెన్సర్ మీద ఒక్క ధూళి కణం పడితే ఆ తర్వాతి ఫొటోలన్నిటి మీదా పొడుగునా సన్నటి గీత పడుతుంది, మీరు మూడొందల ఫొటోల తర్వాతగానీ చూడరు. ప్రతి పాతిక ఫొటోలకీ ఆగి, చివరిదాన్ని పెద్దది చేసి చూసి, గాజు తుడవండి.

మా సలహా స్పష్టం: ముందు మొత్తం ఫోన్‌తో తీసేయండి, పెద్ద నాణ్యత గురించి ఆలోచించకుండా. పేర్లు చెప్పడానికి, ఎవరికి ఏది కావాలో తేల్చడానికి ఆ కాపీ చాలు. అందులోంచి నిజంగా ముఖ్యమైన వంద ఏరి, వాటిని మాత్రం సీసీడీ స్కానర్ మీద పెట్టండి. ముందే స్కానర్‌తో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా మొదటి ఆల్బమ్ దగ్గరే ఆగిపోతారు.

ఇక ఆల్బమ్‌లోంచి ఊడదీయడం. పేజీ మీద జిగురు చారలు, పైన పారదర్శక పొర ఉండే ఆల్బమ్‌లు ఫొటోలకు పరమ శత్రువులు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు కర్రలా బిగుసుకుంటుంది. మూల పట్టుకుని లాగితే ఫొటో పొర చీలుతుంది. మైనం పూత లేని పళ్లదారం ఒక మూర తీసుకుని, రెండు చేతుల వేళ్లకూ చుట్టుకోండి. ఒక మూల కిందికి దారాన్ని దూర్చి, పేజీకి ఆనిస్తూ రంపంలా ముందుకీ వెనక్కీ మెల్లగా లాగండి. లాగుడంతా పేజీ వైపు ఉండాలి, ఫొటో వైపు కాదు. ఫొటో లేచేకొద్దీ దాన్ని వెనక్కి మడవకుండా చదునుగా ఉంచండి. సగం దూరంలో దారం ఆగిపోతే బలవంతం చేయొద్దు. ఆ పేజీని అలాగే ఫోన్‌తో తీయండి. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని ఎప్పుడూ లాగకూడదు. తడి తగిలి దాని పైపొరలోని జెలటిన్ అద్దానికి పట్టేసి ఉంటుంది, లాగితే ముఖం అద్దం మీద ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయడమే దారి.

నెగెటివ్‌లు, స్లైడ్లు

ప్రింటు, నెగెటివ్ రెండూ ఉంటే నెగెటివ్‌దే పైచేయి. ప్రింటు తీసేటప్పుడు అంచులు కొంత కోసేస్తారు, వెలుగునీడల్లో కొంత పోతుంది. 35 ఎంఎం ఫ్రేము 24 ఇంటూ 36 మిల్లీమీటర్లే కాబట్టి ఇక్కడ డీపీఐ పెరగాలి: 2400లో దాదాపు 77 లక్షల పిక్సెళ్లు, 3200లో కోటీ 37 లక్షలు. బల్ల స్కానర్ల పెట్టెల మీద రాసే 4800, 6400 అంకెలను నమ్మొద్దు, లెన్సు అంత చూడలేదు. పాత పెద్ద చదరపు నెగెటివ్‌లకు 1600 డీపీఐ సరిపోతుంది.

చిన్న డబ్బాలాంటి ఫిల్మ్ కన్వర్టర్లు చవగ్గా, వేగంగా ఉంటాయి. లోపల ఉన్నది మామూలు చిన్న కెమెరా. తెల్లటి ఆకాశం, నల్లటి నీడ రెండూ ఒకే స్లైడులో ఉంటే ఒకటి పోతుంది. ప్రయాణాల స్లైడ్లలో మంచు కొండలు, సముద్రపు ఒడ్లు ఎక్కువ కాబట్టి ఇది చిన్న లోపం కాదు. ఏరడానికి అవి కూడా అనవసరం: ట్యాబ్ తెరని పూర్తి తెలుపు చేసి, స్లైడుని తెరకు నాలుగైదు సెంటీమీటర్లు పైన నిలబెట్టి ఫోన్‌తో తీయండి. తెరకు ఆనించి పెడితే తెర గళ్లు బొమ్మలోకి వస్తాయి. ఇలా ఐదొందల స్లైడ్లలోంచి యాభై ఏరి, ఆ యాభై బయట ఇచ్చేయండి. యాభై స్లైడ్ల కోసం యంత్రం కొనడం దండగ.

ధూళిని పరారుణ కాంతితో గుర్తించి తుడిచేసే సౌకర్యం కొన్ని స్కానర్లలో ఉంటుంది. రంగు నెగెటివ్‌లకు అది వరం. వెండి రేణువుల బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి పనిచేయదు, రేణువులనే ధూళి అనుకుని బొమ్మని చెడగొడుతుంది. కొడాక్రోమ్‌తోనూ అది చాలాసార్లు తడబడుతుంది.

ఆడియో క్యాసెట్లు

యూఎస్‌బీ క్యాసెట్ కన్వర్టర్ అని అమ్మే చిన్న ప్లేయర్ సులువుగా కనిపిస్తుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే చాలు. కానీ దానిలోని మోటారు నిలకడగా తిరగదు, గొంతు కొద్దికొద్దిగా ఊగుతుంది. ఆ ఊగుడు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పోదు. ఏ క్యాసెట్లో ఏముందో విని గుర్తుపెట్టుకోవడానికి అది పర్వాలేదు. దాచుకునే కాపీకి మంచి స్థితిలో ఉన్న పాత డెక్కు (పెద్ద క్యాసెట్ ప్లేయర్) కావాలి, లేదా బయట ఇవ్వాలి. పది క్యాసెట్లలోపు ఉంటే బయట ఇవ్వడమే లాభం. ఇరవై దాటితే, పైగా ఇంట్లో ఎవరికైనా ఆసక్తి ఉంటే, బాగుచేయించిన డెక్కు కొనొచ్చు.

మొదట కిటికీలోంచి టేపు చుట్ట అంచులు చూడండి. తెల్లటి పొడి, చుక్కలు ఉంటే బూజు. దాన్ని ఆడించొద్దు. టేపుని చదివే హెడ్‌కి అంటి తర్వాతి టేపులన్నిటికీ పాకుతుంది. కవర్లో విడిగా పెట్టి ఆ పని తెలిసినవాళ్లకు ఇవ్వండి.

తర్వాత డెక్కు శుభ్రం. తలుపు తెరిచి చూస్తే మధ్యలో నున్నటి లోహపు హెడ్, పక్కన సన్నటి ఉక్కు పుల్ల, దానికి ఒత్తుకునే చిన్న రబ్బరు చక్రం ఉంటాయి. 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి, కారకుండా పిండి, టేపు నడిచే దిశలోనే హెడ్ మీద రుద్దండి. బడ్ కొస గోధుమరంగుకి మారుతుంది. అది పాత టేపుల నుంచి రాలిన పొడి. కొత్త బడ్‌తో మళ్లీ, అది తెల్లగా వచ్చేదాకా. ఉక్కు పుల్లకీ అంతే. రబ్బరు చక్రానికి మాత్రం నీళ్లలో తడిపి పిండిన గుడ్డ చాలు, ఆల్కహాల్ రబ్బరుని ఎండగొడుతుంది. పది నిమిషాలు ఆరనిచ్చి, ముందు విలువలేని క్యాసెట్ ఒకటి ఆడించి చూడండి. నమిలేస్తే అదే పోతుంది.

అసలు క్యాసెట్‌ని ప్లే చేసేముందు చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్లతరబడి కదలని చుట్టలు అతుక్కుని ఉంటాయి. తిప్పితే వదులై ఒకే బిగువుతో చుట్టుకుంటాయి. సీ-120 అయితే తిప్పడం కూడా ఆగి ఆగి చేయాలి. సీ-60 టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సీ-90ది 12, సీ-120ది 9. అంత పలచనిది ఇట్టే సాగుతుంది, మెలికపడుతుంది.

గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉంటే మూడు కారణాలు. హెడ్ మురికి ఒకటి, అది తుడిచేశారు. క్యాసెట్ నోటి మధ్యలో రాగిరంగు స్ప్రింగు మీదుండే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోవడం రెండోది. అప్పుడు టేపుని మంచి డొల్లలోకి మార్చాలి. ఐదు స్క్రూలుంటే ఇంట్లో చేయొచ్చు, విప్పగానే టేపు దారిని ఫొటో తీసుకుని మరీ. స్క్రూలు లేకుండా అతికేసిన డొల్ల అయితే బయట ఇవ్వండి. మూడోది, టేపు రికార్డయిన కోణానికీ మీ డెక్కు హెడ్ కోణానికీ తేడా. హెడ్ పక్కన స్ప్రింగున్న స్క్రూని పావు చుట్టులోపు అటూ ఇటూ తిప్పుతూ, స, ష లాంటి అక్షరాలు ఎక్కడ స్పష్టంగా పలుకుతాయో అక్కడ ఆపాలి. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి: వయసు పెరిగేకొద్దీ ముందుగా తగ్గేది ఆ సన్నటి ధ్వనులు వినే శక్తే. స్క్రూ మీరు తిప్పండి, వినడానికి మనవడినో మనవరాలినో కూర్చోబెట్టండి. ఎర్రబారిన ఫొటోల రంగు దిద్దేటప్పుడూ ఇదే మాట. కంటి కటకం వయసుతో పసుపెక్కుతుంది, మీకు సరిగ్గా అనిపించిన తెలుపు మిగతావాళ్లకు నీలంగా కనిపించవచ్చు.

డెక్కు వెనక లైన్ అవుట్ నుంచి లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అక్కడి నుంచి కంప్యూటర్‌కి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో నేరుగా పెడితే ధ్వని పగులుతుంది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ పనికి చాలు. అతి గట్టి మాట దగ్గర మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఆగేలా చూసుకోండి. సున్నా తగిలితే అక్కడ విరిగిన శబ్దం ఇక అతకదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ (కుదించని) ఫైలు గంటకి దాదాపు ఒక జీబీ. దాన్ని ముట్టుకోకుండా దాచి, పంచడానికి విడిగా ఎంపీ3 చేయండి. 192 కేబీపీఎస్‌లో గంటకి 86 ఎంబీ అవుతుంది. బుస్సుమనే శబ్దం తీసేసే ఫిల్టర్లు కాపీ మీదే వాడండి. ఎక్కువ వాడితే మనిషి గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టవుతుంది. రికార్డింగ్ మొదలుపెట్టేముందు కంప్యూటర్ నిద్రపోకుండా, నోటిఫికేషన్ శబ్దాలు రాకుండా ఆపండి. సీ-90లో ఒక వైపు 45 నిమిషాలు. లేచి నడిచొచ్చి టేపు తిప్పడానికి సరైన వ్యవధి, కూర్చునే ఉండక్కరలేదు.

వీడియో టేపులు, ఫిల్ము రీళ్లు

ఇవి బయట ఇచ్చేయడమే మంచిదని మా అభిప్రాయం, చాలా ఎక్కువ టేపులుంటే తప్ప. చవక క్యాప్చర్ పరికరం కొని పాత వీసీఆర్‌కి తగిలిస్తే, టేపు సిగ్నల్ వణుకుని అది తట్టుకోలేక ఫ్రేములు వదిలేస్తుంది. గంట గడిచేసరికి పెదాలు ఒకచోట, మాట ఒకచోట. దీన్ని సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న డెక్కు మంచి ల్యాబుల్లో ఉంటుంది. ఇచ్చేముందు టేపు ఏ దేశంలో రికార్డయిందో చెప్పండి. దేశాన్ని బట్టి వీడియో పద్ధతి మారుతుంది. పాల్ పద్ధతిలో 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 525 గీతలు, సెకనుకి దాదాపు 30. తప్పు యంత్రంలో పెడితే బొమ్మ రంగు పోయి దొర్లుతుంది, టేపు చెడిపోయిందనుకుంటారు.

వీహెచ్‌ఎస్-సీ చిన్న క్యాసెట్‌కి అడాప్టర్ ఉంది. 8 ఎంఎం వీడియో క్యాసెట్‌కి అలాంటిది లేదు, ఆ క్యామ్‌కార్డరే కావాలి. మినీడీవీ డిజిటల్ టేపు. ఫైర్‌వైర్ అనే డిజిటల్ తీగతో తీస్తే ఒక్క బిట్టూ పోకుండా గంటకి సుమారు 13 జీబీగా వస్తుంది. ల్యాబు వాళ్లు పసుపు, ఎరుపు, తెలుపు అనలాగ్ తీగలతో తీస్తామంటే ఇంకోచోట చూసుకోండి.

సూపర్ 8 (ఇంటి సినిమాల 8 ఎంఎం ఫిల్ము) రీళ్లను ఒక్కసారి చూద్దామని పాత ప్రొజెక్టర్‌లో వేయకండి. కుంచించుకుపోయిన ఫిల్ము కన్నాలు చిరుగుతాయి, ఇరుక్కుంటే దీపం వేడికి కాలిపోతుంది. యాభై అడుగుల రీలు సెకనుకి 18 ఫ్రేముల చొప్పున మూడు నిమిషాల ఇరవై సెకన్లే. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము ఆమ్లం వదులుతూ పాడవుతోందని అర్థం. దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి మొదట అదే ఇవ్వండి. ఒక్కో ఫ్రేమునీ విడిగా స్కాన్ చేసేచోటే ఇవ్వాలి. గోడ మీద వేసి వీడియో తీసేవాళ్ల దగ్గర బొమ్మ మిణుకుతుంది, మధ్యలో తెల్లబోతుంది.

బయట ఇచ్చేటప్పుడు

అంతా ఒకేసారి ఇవ్వొద్దు. రెండు టేపులు, పది ఫొటోలు ముందు ఇచ్చి, వచ్చింది మీ పెద్ద తెర మీద చూశాకే మిగతావి. ప్రతిదానికీ నంబరు వేసి, మొత్తం పరిచి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. అడగాల్సినవి: పని వాళ్లే చేస్తారా, వేరేచోటికి పంపుతారా? ఏ డీపీఐ, ఏ ఫైలు రకం? దిద్దని ఫైలు కూడా ఇస్తారా? ఫైళ్ల పేర్లలో మీ నంబర్లు ఉంటాయా? అసలువి తిరిగి ఇస్తారా? డీవీడీలు మాత్రమే ఇస్తామనేచోట ఇవ్వకండి. వీడియో అందులో బాగా కుదించి ఉంటుంది, డీవీడీ పెట్టే రంధ్రం కొత్త కంప్యూటర్లకు లేదు కూడా.

పాత ముఖాలను కృత్రిమ మేధతో స్పష్టం చేసిస్తామనే సేవ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మసక ముఖంలో లేని వివరాన్ని అది ఊహించి గీస్తుంది. కళ్లు నున్నగా, పళ్లు వరుసగా వస్తాయి, మనిషి మాత్రం ఆ మనిషి కాదు. అలాంటి కాపీ ఉంటే దాని పేరులో ఆ సంగతి రాయించండి. లేకపోతే రేపు ఇంట్లో అదే అసలు ముఖమనుకుంటారు.

పేర్లు ఎక్కడ, ఎలా

ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాస్తే గీత ముందుకి ఉబ్బుతుంది. పాత మందపాటి కాగితం మీద మెత్తని పెన్సిల్‌తో తేలిగ్గా రాయొచ్చు. ప్లాస్టిక్‌లా నున్నగా ఉండే తర్వాతి కాగితం మీద పెన్సిల్ పడదు, వాటికి ఫొటోల కోసమే తయారైన పెన్ను కావాలి. ఫైలు లోపల వివరం నింపే పద్ధతి శుభ్రమైనదే, కానీ వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరం రాలిపోతుంది, ఫొటో కూడా కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి. ఫైలు పేరు అన్నిటికన్నా మొండిది, ఎక్కడికెళ్లినా అంటుకుని ఉంటుంది. సంవత్సరం ముందు పెట్టి 1974_కళాశాల_జట్టు_041 అని రాస్తే వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. ఏడాది ఖాయంగా తెలియకపోతే 1970లు అని రాయండి, ఊహించి వేసిన తేదీ తర్వాత నిజమైపోతుంది.

వీటన్నిటికన్నా పెద్దవాళ్లకు తేలికైంది గొంతుతో చెప్పడం. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి, ఫొటో నంబరు ముందు చెప్పి, వరుస వరుసగా ఎడమ నుంచి పేర్లు చెప్పండి. "నలభై ఒకటి. ముందు వరుస, కూర్చున్నవాళ్లు" అని. పక్కన ఒకరు కూర్చుని "ఈయన చేతికి కట్టేంటి?" లాంటి ప్రశ్న వేస్తే ఆరోజు మ్యాచ్ మొత్తం బయటికొస్తుంది. ఒక విడతకి ఇరవై ఫొటోలు మించొద్దు, ఆ తర్వాత జవాబులు కురచవుతాయి. ఆ ఆడియోకీ అవే నంబర్లు పెట్టండి: 041-060.

దాచడం

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే ఇంట్లో. కంప్యూటర్, బయటి హార్డ్ డిస్కు, క్లౌడ్ అయితే లెక్క సరిపోతుంది. పెన్‌డ్రైవ్ పంచడానికే, సొరుగులో ఏళ్లపాటు దాచడానికి కాదు. హార్డ్ డిస్కుని ఐదేళ్లకొకసారి కొత్తదానికి మార్చండి. క్లౌడ్ ఖాతా మీ ఒక్కరి పాస్‌వర్డ్ మీద ఉంటే మీ తర్వాత అది తాళం పడిన గది. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్, యాపిల్‌లో లెగసీ కాంటాక్ట్ అనే సెట్టింగులున్నాయి. ఎవరికి అందాలో అక్కడ పేరు నింపండి, ఆ మనిషికి చెప్పండి కూడా.

అంతా అయ్యాక రెండో కాపీలోంచి ఏవైనా ఐదు ఫైళ్లు, అందులో ఒక ఆడియో, ఒక వీడియో ఉండేలా, ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిచి చివరిదాకా ఆడించండి. అవి తెరుచుకున్నాకే క్యాసెట్లను కవర్లలో నిలువుగా పేర్చి, అటక వేడికి కాకుండా గదిలోని బీరువాలో పెట్టండి.